ఉక్కపోతలో పరుగు: చెమట ఆరనప్పుడు ఏం చేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. వయసు 24, ఉండేది విజయనగరం, కానిస్టేబుల్ ఈవెంట్ల కోసం విజ్జీ స్టేడియంలో ప్రాక్టీసు. జనవరిలో కిలోమీటరు 6 నిమిషాల 15 సెకన్ల చొప్పున 10 కి.మీ. హాయిగా లాగేవారు, 1600 మీటర్లు 6 నిమిషాల 20 సెకన్లలో అయిపోయేది. ఇప్పుడు మే నెలలో పొద్దున్న ఐదింటికే మొదలుపెట్టినా మూడో కిలోమీటరుకే గుండె దడదడ, తల దిమ్ము. స్టామినా పోయిందా? సాయంత్రానికి మార్చుకోవాలా? నీళ్లు, ఉప్పు ఎంత? స్నేహితులు చెప్పినట్టు ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరిగెడితే వేడి అలవాటవుతుందా? సెలవుల్లో కవిటిలో అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు తోటల్లో పరిగెత్తవచ్చా?

ముందు జాకెట్ సంగతి. దాన్ని ఈరోజే పక్కన పడేయండి. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు గానీ ఇది మాత్రం ప్రాణం మీదికి తెచ్చే పని. ఎందుకో కింద లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

చెమట కారడం వేరు, ఆరడం వేరు

పరిగెత్తేటప్పుడు ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. చదును నేల మీద పరుగుకు మోటు లెక్క: కిలో బరువుకు, కిలోమీటరుకు ఒక కిలోక్యాలరీ. 60 కిలోల మనిషి 10 కి.మీ. పరిగెడితే 600. అందులో 480కి తక్కువ కాకుండా వేడే. ఆ వేడి బయటికి పోయే దారి పూర్తిగా మూసుకుపోతే కిలోమీటరుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున ఒంటి వేడి పెరుగుతుంది. 37 దగ్గర మొదలుపెట్టినవాడు మూడు కిలోమీటర్లకు 40 దగ్గరికి వచ్చేస్తాడు.

ఆ దారి తెరిచి ఉంచేది చెమట. ఒక లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. అంటే 10 కి.మీ. పరుగుకు లీటరులోపు చెమట చాలు, అది ఆరితే. గడ్డం మీంచి జారి నేల మీద పడిన చుక్క వల్ల చల్లదనం ఏమీ రాదు. మే నెలలో ఐదు కిలోమీటర్లు పరిగెత్తాక బనియన్ విప్పి పిండి చూడండి. ధారగా కారుతుంది. షూలోంచి అడుగడుక్కీ నీళ్ల చప్పుడు వస్తుంది. ఆ నీళ్లన్నీ ఒంట్లోంచి పోయినవే, చల్లబరచకుండా పోయినవి. ప్లాస్టిక్ జాకెట్ చేసేది సరిగ్గా ఇదే: చెమటను బాగా కారుస్తుంది, ఒక్క చుక్కనూ ఆరనివ్వదు. తూకంలో తగ్గిన కిలో నీళ్లే. రెండు చెంబులు తాగగానే తిరిగి వచ్చేస్తుంది.

ఆరడం ఎందుకు ఆగుతుందో తెలియాలంటే చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టండి. రెండు నిమిషాల్లో బయటి వైపు చుక్కలు కడతాయి. గాలి ఏ ఉష్ణోగ్రత దాకా చల్లబడితే అలా నీరు కడుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. ఫోన్లో వాతావరణం యాప్ తెరిచి కిందికి జరిపితే చాలా వాటిలో కనిపిస్తుంది. పరిగెత్తేవాళ్లు చూడాల్సింది ఇదే. తేమ శాతం చూస్తే మోసపోతారు. ఉదాహరణకు పొద్దున్న 27 డిగ్రీలు, తేమ 90 శాతం. మధ్యాహ్నం 34 డిగ్రీలు, తేమ 62 శాతం. చూడటానికి గాలి ఎంతో పొడిబారినట్టుంటుంది గానీ రెండు వేళలా డ్యూ పాయింట్ 25 చిల్లరే. గాలిలో నీరు అంతే ఉంది, ఎండ మాత్రం మీద పడింది.

పరుగుకు దీన్ని ఇలా చదువుకోండి. 16 లోపు ఉంటే ఏ అడ్డూ లేదు. 20 దాటితే ఒంటికి తెలుస్తుంది. 24 దాటితే చెమట సరిగా ఆరదని ముందే ఒప్పుకుని, వాచీలో వేగం చూడటం ఆ రోజుకు మానేయాలి. 27 చూపిస్తే అరగంట తేలిక పరుగుతో సరి. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఏప్రిల్ నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా 24 పైన ఉండటం మామూలే. అందుకే రోహిణి కార్తె పోయి వానలు పడ్డాక కూడా పరుగు తేలిక కాదు. థర్మామీటరు దిగుతుంది, ఉక్క దిగదు.

మీ జనవరికీ మేకీ తేడా ఇక్కడుంది. చర్మం 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, డ్యూ పాయింట్ 18 నుంచి 25కి పెరిగితే చెమటను ఆవిరిగా లాక్కునే శక్తి గాలికి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఒళ్లు చల్లబడాలని గుండె రక్తాన్ని చర్మానికి పంపాలి, పరుగు ఆగకూడదని కాళ్లకీ పంపాలి. చెమట పోయి రక్తంలో నీళ్ల పాళ్లు తగ్గాక ఉన్నదాన్నే ఇద్దరికీ పంచాలి. అందుకని అదే వేగానికి నాడి నిమిషానికి 10 నుంచి 20 దాకా ఎక్కువ కొట్టుకుంటుంది. మీ స్టామినా ఎక్కడికీ పోలేదు.

వేగం ఎంత తగ్గించాలి

డ్యూ పాయింట్ 25 దగ్గర, గాలి 28 డిగ్రీలున్న తెల్లవారుజామున కిలోమీటరుకు మామూలుగా పట్టే సమయానికి 5, 6 శాతం కలపండి. ఎండ వచ్చి 33, 34 అయితే 8 నుంచి 10 శాతం. మీ 6 నిమిషాల 15 సెకన్లు ఇప్పుడు 6:35 నుంచి 6:50 మధ్య ఉండాలి. అలవాటు పడని మొదటి వారంలో ఇంకా నెమ్మదైనా తప్పులేదు. వాచీ లేకపోతే మాటతో చూసుకోవచ్చు. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగితే సరైన వేగం. రెండు ముక్కలకే ఊపిరి తెగుతుంటే నడవండి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక పద్ధతిని చాలామంది చిన్నతనంగా చూస్తారు. ఉక్కలో గంట సేపు కదలాలంటే దానికి మించింది లేదు.

1600 మీటర్ల గురించి బెంగ వద్దు. కానిస్టేబుల్ పరీక్షలో పురుషులకు ఉన్న గడువు 8 నిమిషాలు. మీ 6:20కి పది శాతం కలిపినా ఏడు నిమిషాల లోపే ఉంటారు.

పొద్దున్నా, సాయంత్రమా

మన దగ్గర తెల్లవారుజామే మేలు. రోజు మొత్తంలో అప్పుడే గాలి చల్లగా ఉంటుంది, నేల వేడి దిగిపోయి ఉంటుంది. చీకటి విడుతుండగా, నాలుగున్నర ఐదు మధ్య మొదలుపెట్టి సూర్యుడు పైకి రాకముందే ముగించండి. మేలో ఆరున్నరకే ఎండ చురుక్కుమంటుంది. సాయంత్రం ఐదున్నరకు తారురోడ్డు, సిమెంటు రోడ్డు మధ్యాహ్నం తాగిన వేడిని కక్కుతూ ఉంటాయి. సాయంత్రం తప్ప కుదరనివాళ్లు ఏడు దాటాక మట్టి మైదానం చూసుకోవాలి. సముద్రం దగ్గరగా ఉంటే మాత్రం మాట వేరు. కళింగపట్నం, చింతపల్లి, బారువ లాంటి చోట్ల సాయంత్రం సముద్రపు గాలి బాగా ఆడుతుంది. ఆ గాలి తేమగాలే అయినా ఒంటి చుట్టూ చేరిన ఆవిరిని ఎప్పటికప్పుడు తోసేస్తుంది. గాలి ఆడని చోట ఆ ఆవిరి చర్మానికి అంటుకుని నిలిచిపోతుంది.

గాలితో ఒక చిన్న లెక్క ఉంది. వీపు మీద గాలి కొడుతుంటే, మీరూ గాలీ ఒకే దిక్కుకు ఒకే వేగంతో వెళుతుంటే, ఒంటికి గాలే తగలదు. కాబట్టి ఒళ్లు ఇంకా చల్లగా ఉన్న మొదటి సగం గాలి వెంట పోండి. కాగిన రెండో సగం గాలికి ఎదురు రండి. ముఖానికి, రొమ్ముకు గాలి తగులుతూ ఇంటికి చేరతారు.

కవిటి తోటల విషయమూ ఇదే. కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటల్లో నీడ బాగుంటుంది గానీ గుబురు లోపల గాలి కదలదు, నేల తడి పైకి లేస్తుంది. తెల్లవారుజామున, ఎండ లేనప్పుడు, నీడ కోసం తోటలోకి వెళ్లడం వల్ల లాభం లేదు. చెరువు గట్టు, బీచ్, పొలాల మధ్య రోడ్డు మేలు. ఎండ వచ్చాక ఇంకా పరుగు మిగిలి ఉంటే అప్పుడు తోటలోకి మళ్లండి. వానాకాలం గట్ల మీద పాముల భయం ఉంటుంది, చీకట్లో తలలైటు లేకుండా వెళ్లొద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉన్నట్టుండి మబ్బు పట్టి పిడుగులు పడే ప్రాంతం మనది. ఉరుము వినబడితే పరుగు ఆపి పక్కా భవనంలోకి వెళ్లాలి. తాటిచెట్టు, కొబ్బరిచెట్టు కిందికి అసలు వద్దు. దామిని యాప్ ఫోన్లో ఉంచుకోండి, చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక ఇస్తుంది.

పడమటి గాలి వీచి 42 దాటే రోజులు కొన్ని వస్తాయి. ఆ రోజుల్లో చెమట వెంటనే ఆరిపోతుంది, చొక్కా తడవదు. ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలియదు. పొద్దున్న ఏడు లోపు ముగించడం తప్ప ఆ రోజులకు వేరే ఉపాయం లేదు.

వేడి అలవాటు చేసుకునే పద్నాలుగు రోజులు

ఒళ్లు వేడికి నిజంగానే అలవాటు పడుతుంది. దానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి వారం లోపే రక్తంలో నీటి భాగం పెరిగి నాడి నెమ్మదిస్తుంది. తర్వాత చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నల్ల చొక్కా మీద ఆరిన తెల్లని ఉప్పు గీతలు రెండు వారాల తర్వాత పలచబడటం మీరే గమనించవచ్చు.

మొదటి మూడు రోజులు 20, 25 నిమిషాలు, నడక కలిపి. నాలుగు నుంచి ఏడో రోజు దాకా 30, 35 నిమిషాలు తేలికగా. రెండో వారం మొదట్లో 40, 45 నిమిషాలు. పదకొండో రోజు తర్వాత మామూలు దూరం, చివర్లో 100 మీటర్ల హుషారు పరుగులు నాలుగు. ఆ తర్వాతే మైదానంలో వేగం పని. రోజు విడిచి రోజు పరిగెత్తినా పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువ రోజులు పడుతుంది. ఏసీలో పడుకుని, ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద పరిగెడితే ఈ అలవాటు రాదు. వచ్చిన అలవాటు కూడా మానేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో కరిగిపోతుంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తూ వేసవి సెలవులకు ఊరు వచ్చినవాళ్లు మొదటి రోజే పాత వేగంతో 10 కి.మీ. పెట్టుకోవడం ఏటా కనబడే తప్పు. జ్వరమొచ్చి వారం ఆగితే తిరిగి మొదటి మూడు రోజుల పద్ధతిలోంచే రండి.

వేగం పని విషయంలో చలికాలం లెక్క మార్చుకోండి. అప్పుడు 400 మీటర్లు ఆరు సార్లు చేసేవారనుకుందాం. ఇప్పుడు 200 మీటర్లు పది సార్లు చేయండి. మధ్యలో రెండున్నర, మూడు నిమిషాలు నడక, ప్రతి రెండింటికీ తల మీద నీళ్లు. కాళ్లకు వేగం అందుతుంది, ఒళ్లు కాగే లోపు ఆగుతుంది. పూర్తి 1600 టైమ్ ట్రయల్ రెండు వారాలకు ఒకసారి, తెల్లవారుజామునే. వారానికి రెండుకు మించి గట్టి రోజులు వద్దు.

ఈవెంట్ రోజున దెబ్బ కొట్టేది ఎక్కువగా పరుగు కాదు, పరుగుకు ముందు వరుసలో ఎండలో నిలబడిన రెండు గంటలు. గొడుగు, తడి తువ్వాలు, లీటరు ఉప్పు నిమ్మరసం, రెండు అరటిపళ్లు దగ్గర ఉండాలి. వార్మప్ ఆరేడు నిమిషాలు చాలు, అదీ నీడలో. అవకాశం ఉంటే ముందు రాత్రి సగం నింపిన నీళ్ల సీసా ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టించి, పొద్దున్న మిగతా సగం నీళ్లు పోసి తీసుకెళ్లండి. అరచేతుల్లో పట్టుకోవడానికి, మెడకు ఆనించడానికి, చివరికి తాగడానికి ఒకే సీసా పనికొస్తుంది. పరుగుకు అరగంట ముందు నుంచి 300, 400 మి.లీ. ఐసు ముక్కలు మిక్సీలో తిప్పిన నిమ్మరసం కొంచెం కొంచెంగా తాగితే ఒళ్లు లోపలి నుంచి చల్లబడి ఆ మేరకు కాగడానికి చోటు దొరుకుతుంది. కొత్త పని కాబట్టి ముందు ప్రాక్టీసులో పొట్టకు సరిపడుతుందో లేదో చూసుకోండి. ఎవరో ఇచ్చిన 'పవర్' పొడులు, మాత్రలు వద్దు. నాడిని, ఒంటి వేడిని పెంచేవే వాటిలో ఎక్కువ.

నీళ్లు, ఉప్పు

ఎవరికి ఎంత చెమట పోతుందో వాళ్లే కొలుచుకోవాలి. పరుగుకు ముందు మూత్రానికి వెళ్లి వచ్చి, బట్టలు లేకుండా తూకం చూడండి. గంట పరిగెత్తండి. మధ్యలో ఎన్ని నీళ్లు తాగారో గుర్తుంచుకోండి. తిరిగొచ్చి ఒళ్లు పూర్తిగా తుడుచుకుని మళ్లీ తూకం. ముందు 62.4 కిలోలు, తర్వాత 61.3, మధ్యలో తాగింది 300 మి.లీ. అయితే పోయిన చెమట 1.1కి 0.3 కలిపి 1.4 లీటర్లు. తడి బట్టలతో తూకం వేస్తే లెక్క తప్పుతుంది, చెమటంతా బట్టల్లోనే ఉంటుంది కాబట్టి.

పోయిందంతా పరిగెడుతూనే పూడ్చాలని చూడొద్దు. పొట్ట అంత తీసుకోదు. బరువులో 2 శాతం దాకా తగ్గడం పరవాలేదు. 62 కిలోల మనిషికి అది కిలోంబావు. గంట లోపు పరుగుకు మొదలుపెట్టే రెండు గంటల ముందు 400 నుంచి 500 మి.లీ. చాలు. తెల్లవారుజామున అంత వ్యవధి ఉండదు కాబట్టి రాత్రి భోజనం దగ్గర సరిగా తాగి, లేవగానే ఒక గ్లాసు. గంట దాటితే ప్రతి 15, 20 నిమిషాలకు 150 మి.లీ. చొప్పున, దాహాన్ని బట్టి. ముగిశాక తగ్గిన ప్రతి కిలోకి లీటరుంబావు నుంచి లీటరున్నర, రెండు మూడు గంటల్లో, ఉప్పుతో కలిపి. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే అతిగా తాగినట్టే. ఉప్పు లేని నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక, ఫిట్స్ దాకా వెళుతుంది. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది, ఇంకా నీళ్లు తాగిస్తే మరీ ప్రమాదం.

పరుగులో తాగడానికి: లీటరు నీళ్లు, టీస్పూనులో పావు వంతు ఉప్పు, నాలుగు నుంచి ఆరు టీస్పూన్ల పంచదార, ఒక నిమ్మకాయ. దీంట్లో సోడియం సుమారు 600 మి.గ్రా. ఉంటుంది. చెమట ఉప్పగా పోయేవాళ్లు, అంటే చొక్కా మీద తెల్ల మరకలు పడేవాళ్లు ఉప్పు కాస్త పెంచవచ్చు. చెంచా తలకొట్టి కొలవండి, గుప్పెడు లెక్కలొద్దు. ఓఆర్‌ఎస్ పొడి వాడితే పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లకు. గ్లాసులో సగం ప్యాకెట్ వేసి చిక్కగా తాగితే విరేచనాలు పట్టుకోవచ్చు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఆ ఫార్ములా లేని తీపి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ 2025 అక్టోబరులో ఆదేశించింది.

పరుగు తర్వాత ఇంట్లో ఉన్నవాటికి మించినవి లేవు. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, తరవాణి, చోడి అంబలి, గంజి. నీళ్లు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఒకే గిన్నెలో వస్తాయి. కొబ్బరి బొండాం మంచిదే గానీ అందులో ఎక్కువగా ఉండేది పొటాషియం, చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. బొండాంతో పాటు ఉప్పు తగిలే తిండి ఏదైనా తినండి.

తల మీద నీళ్లు పోసుకోవడం గురించి అడగలేదు గానీ, ఉక్కలో తాగే నీళ్లతో పాటు ఇవీ ముఖ్యమే. చెమట ఎలాగూ ఆరదు కాబట్టి చల్లటి నీళ్లే ఒంటి వేడిని నేరుగా లాక్కుంటూ కిందికి జారాలి. గోరువెచ్చని ట్యాంకు నీళ్ల వల్ల అంత లాభం లేదు. ఐసు ముక్కలు చుట్టిన తువ్వాలు మెడకు కట్టుకుంటే 15, 20 నిమిషాలు పనిచేస్తుంది. షూలోకి నీళ్లు దిగకుండా ముందుకు వంగి పోసుకోండి. తడిసిన సాక్సులతో బొబ్బలు లేస్తాయి.

బట్టల విషయం త్వరగా. వదులుగా, పలుచగా, లేత రంగులో, చిల్లుల అల్లికతో ఉన్న పాలిస్టర్ బనియన్. కాటన్ తడిస్తే బరువెక్కి ఒంటికి అంటుకుపోతుంది. తొడల మధ్య, చంకల్లో, చనుమొనల మీద, ఆడవాళ్లకు స్పోర్ట్స్ బ్రా అంచు వెంట, ముందే వాజలీన్ రాయాలి. కొబ్బరి నూనె పది నిమిషాల్లో చెమటతో కొట్టుకుపోతుంది. పరుగయ్యాక తడి బట్టల్లో కబుర్లు చెబుతూ కూర్చోకండి. అరగంటలో స్నానం, వేళ్ల సందులు, గజ్జలు పొడిగా తుడవడం. తామర వస్తే మందుల షాపులో అడిగి ఏదో ట్యూబు తెచ్చుకోవద్దు. స్టెరాయిడ్ కలిసిన క్రీములతో దురద రెండు రోజులు ఆగి, తామర ఒళ్లంతా పాకుతుంది. షూలు ఎండలో కాకుండా, పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద ఆరబెట్టండి. రెండు జతలుంటే రోజు మార్చి రోజు వాడండి.

ముందే డాక్టరుకు చూపించుకోవాల్సినవాళ్లు

కవిటి అన్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఉద్దానంలో ఇంత విస్తారంగా ఉన్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. వేడిలో పని, ఒంట్లో నీరు తగ్గడం కూడా అనుమానాల జాబితాలో ఉన్నాయి. ఆ మండలాల్లో పెరిగినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉన్నవాళ్లు, వేసవి శిక్షణ మొదలుపెట్టే ముందు సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరు నుంచి కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి. కిడ్నీ సమస్య బయటపడితే ఎంత నీళ్లు, ఎంత ఉప్పు అన్నది డాక్టరే చెప్పాలి. పైన రాసిన కొలతలు వాళ్లకు వర్తించవు, బొండాం నీళ్లలోని పొటాషియం కూడా వాళ్లకు హాని చేయవచ్చు.

కిడ్నీ బాగున్నా సరే, పరుగుకు ముందు నొప్పి బిళ్ల మింగే అలవాటు మానాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. నీళ్లు తగ్గిన ఒంట్లో అది ఇంకా చేటు. పరుగు తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరాలు కరిగి రక్తంలో కలుస్తున్నట్టు. ఇంట్లో కూర్చుని నీళ్లు తాగుతూ చూద్దామనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ కుటుంబాల పిల్లలు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు) పరీక్ష చేయించుకుని ఉండటం మంచిది. జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోస్తున్నవాళ్లు పరిగెత్తవచ్చు. కానీ వేడిలో ఆపకుండా, పూర్తి బలంతో పదేపదే పరుగులు పెడితే కుప్పకూలే ప్రమాదం మిగతావారికంటే వాళ్లకు ఎక్కువ. మధ్యలో విశ్రాంతి ఎక్కువ ఇవ్వాలి, కండరాలు పట్టేస్తున్నాయంటే వెంటనే ఆపాలి. కోచ్‌కు ముందే చెప్పి ఉంచాలి.

జ్వరం, విరేచనాలు, నిద్ర లేని రాత్రి, ముందు రోజు మందు లేదా కల్లు, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు పరుగు మానేయండి. జలుబు మాత్రలు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఎవరైనా పడిపోతే

గీత దాటి ఆగిన వెంటనే కళ్లు తిరిగి కూలబడినవాడు, పేరడిగితే సరిగా చెబుతుంటే, చాలాసార్లు కాళ్లలో రక్తం నిలిచిపోయి పడినవాడే. నీడలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే కొన్ని నిమిషాల్లో తేరుకుంటాడు. పరుగు చివర ఒక్కసారిగా ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే ఇది చాలావరకు రాదు.

పరిగెడుతూ తూలడం, మాట తడబడటం, ఎండలో చలి వేసి రోమాలు నిక్కబొడుచుకోవడం, అకారణంగా కోపం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా వడదెబ్బ అనే తీసుకోండి. మీ ఊరేది, ఈరోజు ఏ వారం అని అడగండి. తప్పు చెప్పినా, కసురుకున్నా ఆలస్యం వద్దు. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగులో తగిలే వడదెబ్బలో ఒళ్లంతా చెమటతో తడిసే ఉండవచ్చు. చేత్తో నుదురు తాకి చూస్తే లోపలి వేడి తెలియదు. లోపల 40 దాటి ఉంటుంది.

ఒకరు 108కి ఫోన్ చేయాలి. మిగతావాళ్లు అంబులెన్సు కోసం ఎదురుచూడకుండా అక్కడే చల్లబరచడం మొదలుపెట్టాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. మొదటి అరగంటలో వేడి దిగితే ప్రాణమూ, మెదడూ, కిడ్నీలూ దక్కుతాయి. షూలు, చొక్కా తీసేయండి. నీళ్ల తొట్టి దగ్గర ఉంటే మెడ దాకా అందులో కూర్చోబెట్టి, చంకల కింద తువ్వాలు వేసి వెనక నుంచి పట్టుకోండి, తల మునగకూడదు. తొట్టి లేకపోతే టార్పాలిన్ చాలు. మనిషిని మధ్యలో పడుకోబెట్టి, ఐదారుగురు అంచులు నడుము ఎత్తుకు పట్టుకుని ఊయలలా చేసి, అందులో 60 నుంచి 80 లీటర్ల నీళ్లు, దొరికినంత ఐసు పోయండి. అంచులు అటూ ఇటూ ఊపుతూ నీళ్లు కదిలిస్తూ ఉండాలి. కదలని నీళ్లు ఒంటి చుట్టూ వేడెక్కి నిలబడిపోతాయి. తీరం ఊళ్లలో చేపల పెట్టెల ఐసు దగ్గరలోనే దొరుకుతుంది, ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇవేవీ లేకపోతే బోరు పైపు తిప్పి ఒంటి మీద ఆపకుండా నీళ్లు కొట్టండి, ఐసు నీళ్లలో ముంచిన దుప్పట్లు రెండు మూడు నిమిషాలకు ఒకసారి మార్చండి. చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టడం దీనికి అదనమే, అదొక్కటే చాలదు.

వేడిగా ఉన్నవాడి మీద ఐసు నీళ్లు పోస్తే గుండె ఆగుతుందని పెద్దవాళ్లు ఆపబోతారు. మర్యాదగా పక్కకు జరగమని చెప్పి కొనసాగించండి. పరుగులో వడదెబ్బ తిన్న ఆరోగ్యవంతుడికి చల్లటి నీళ్లలో ముంచడాన్ని మించిన వైద్యం లేదు. ఉల్లిపాయ రసం పూస్తూ కూర్చుంటే ఆ అరగంట పోతుంది. పారాసిటమాల్ ఈ వేడిని దించదు. తికమకగా ఉన్నవాడి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి అయితే పక్కకు తిప్పండి. తెలివి వచ్చి సరిగా మాట్లాడుతూ, గట్టిగా వణకడం మొదలయ్యాక బయటికి తీసి తుడిచి, బాగున్నానన్నా సరే ఆసుపత్రికి పంపాలి. కాలేయం, కిడ్నీ దెబ్బలు ఒకటి రెండు రోజుల తర్వాత రక్తపరీక్షలో బయటపడవచ్చు.

కోలుకుని ఇంటికి వచ్చాక కనీసం వారం రోజులు ఏ వ్యాయామమూ వద్దు. తర్వాత డాక్టరు చూసి, రక్తపరీక్షలు మామూలుగా ఉన్నాయంటేనే చల్లటి వేళ తేలిక నడకతో మొదలుపెట్టి, పైన చెప్పిన పద్నాలుగు రోజుల క్రమం మొదటి నుంచి మళ్లీ చేయాలి. ఈవెంట్ తేదీ దగ్గరపడిందని ఈ వారాన్ని కోసేయకండి.